రాములమ్మ ఎడమ బుగ్గ

మదనపల్లె బస్టాండు వెనక కొత్తగా తెరిచిన 'త్వరిత స్కాన్స్' ముందు నిలువెత్తు బోర్డు ఒకటి ఉంది. అందులో తెల్లకోటు వేసుకున్న ఒక అందగత్తె బొటనవేలు పైకెత్తి నవ్వుతూ ఉంటుంది. ఆమె కింద 'తల, మెడ ఎం.ఆర్.ఐ. ఏడే నిమిషాల్లో' అని రాసి, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టారు. ఆ మూడింటినీ చూసి, లోపలికి అడుగు పెట్టకముందే రాణి ఆ కేంద్రం మీద ఒక అభిప్రాయానికి వచ్చేసింది.

రాణి పుంగనూరు మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షనులో గుమాస్తా. పద్నాలుగేళ్ళుగా జనం నింపిన ఫారాలు చూస్తోంది. తండ్రి పేరు ఉండవలసిన చోట తన పేరు, పుట్టిన తేదీ ఉండవలసిన చోట ఆ రోజు తేదీ రాసుకొచ్చే వాళ్ళను చూసి చూసి మనుషుల తెలివి మీద ఆమెకు ఆశలు పోయాయి. "కండ్లు యాడ పెట్టుకోని రాసినావప్పా?" అని ఆమె కిటికీలోంచి అడిగే ప్రశ్న ఊళ్ళో సగం మందికి తెలుసు.

ఆ రోజు ఆమెతో అమ్మ రాములమ్మ, బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చిన తమ్ముడు సిద్ధార్థ ఉన్నారు. రాములమ్మకు అరవై నాలుగేళ్ళు. టమోటా మండీలో బుట్టలు మోసి ఇద్దరినీ చదివించింది. ఆమె ఎడమ బుగ్గ లోపల ఆర్నెల్లుగా మానని పుండు ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని వచ్చింది. కుప్పంలో ఆపరేషను చేయించాలనుకున్నారు. అయితే పుండు ఎంత లోతుకు పోయిందో, దవడ ఎముకను తాకిందో లేదో ముందు తెలియాలి. రాములమ్మ నోరు ఒక వేలు పట్టేంతకు మించి తెరుచుకోదు. టార్చి వేసినా డాక్టరుకు కనబడేది ముందు పళ్ళే. ఎముకను తాకకపోతే బుగ్గలో ముక్క తీసి కుట్టేస్తారు. తాకితే దవడ ఒక వైపు సగం పోతుంది. దానితోపాటు మాట, తిండి, ముఖం ఎంత పోతాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ సంగతి తేల్చవలసింది స్కానింగే.

"సూడక్కా, ఎంత నీటుగా ఉండాదో," అన్నాడు సిద్ధార్థ, హాల్లోని చల్లటి గాలిని గుండెల నిండా పీల్చుకుంటూ. "బెంగళూరులో కూడా ఇంత ఫాస్టు మిషను అన్ని చోట్లా లేదు తెలుసునా?"

"నువ్వే కనిపెట్టినట్టు చెప్తాండావే," అంది రాణి.

ఆ వేగంలో అబద్ధమేమీ లేదని ఆమెకు తెలుసు. ఆమె కోపమే అది. మూడేళ్ళ కిందట తండ్రి కదిరప్పకు గొంతులో గడ్డ వచ్చినప్పుడు స్కానింగుకు ముప్పావుగంట పట్టేది. అంతసేపు వెల్లకిలా పడుకొని, మింగకుండా, దగ్గకుండా ఉండాలి. గొంతులో గడ్డ ఉన్నవాడు మింగకుండా ఎలా ఉంటాడు? మొదటిసారి బొమ్మలు నీళ్ళలో తడిసిన ఫొటోల్లా వచ్చాయి. రెండోసారీ అంతే. మూడోసారి సగంలో లేచి కూర్చున్నాడు. నాలుగోసారికి ఒక తేదీ ఇచ్చారు. ఆ తేదీన ఇంట్లో ఆయన పదకొండో దినం జరిగింది.

కేంద్రం మేనేజరు ప్రకాష్ బాబు వచ్చి, వాళ్ళు అడగకుండానే వివరించాడు. మెడలో ట్యాగు, చేతిలో టోకెన్ల కట్ట, ముఖాన బోర్డు మీది అందగత్తె నవ్వే.

"మునుపు గంటకు ఒక్కరు మేడం. ఇప్పుడు ఆరుగురు. అంతా సిస్టమేటిక్!"

"ఏడు నిమిషాల్లో ఎట్ల అయిపోతుందప్పా?" అడిగింది రాణి.

"మిషను అన్నీ తీయదు మేడం. కొంత తీసి కొంత వదిలేస్తుంది. వదిలేసింది కంప్యూటరు లెక్కగట్టి నింపుకుంటుంది. ఏ.ఐ."

"మా ఆఫీసుకు కూడా అట్లే వస్తారు. రెండు గళ్ళు నింపి, కడమవి నువ్వే నింపుకోమ్మా అంటారు."

ప్రకాష్ బాబు దాన్ని మెచ్చుకోలు కింద తీసుకొని గట్టిగా నవ్వాడు. రాణి చేతికి ఒక ఫారం, పెన్ను ఇచ్చి, "రెండు నిమిషాల్లో ఇచ్చేయండి మేడం, మీ టోకెను వచ్చేసింది," అన్నాడు.

ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. గుండెలో మిషను ఉందా, ఒంట్లో ఇనుప ముక్కలున్నాయా, చెవి మిషను ఉందా. ఎదుట కూర్చున్న వాళ్ళందరూ చదవకుండానే టిక్కులు పెడుతున్నారు. రాణి వాళ్ళను చూసి పెదవి విరిచి, తానూ రాయడం మొదలుపెట్టింది. ఆమెది పద్నాలుగేళ్ళ చేయి, వేగంగా సాగుతుంది. పదిహేడో ప్రశ్న: నోటిలో కట్టుడు పళ్ళు, క్లిప్పులు, ఇతర వస్తువులు ఉన్నాయా? లేవు. కింద సంతకం.

రాములమ్మ కమ్మలు, ముక్కుపుడక తీసి కొడుకు చేతిలో పెట్టింది. పచ్చగౌను తొడిగి లోపలికి తీసుకుపోయారు. బల్ల మీద పడుకోబెట్టి, ముఖం మీద బోను లాంటి తొడుగు బిగించి, చెవుల్లో దూది పెట్టారు. గోడ అవతల గుడగుడమని మొదలైన చప్పుడు, సిద్ధార్థ ఫోనులో పాట వెతుక్కునే లోపే ఆగిపోయింది. రాములమ్మ బయటికి వచ్చి, "అయిపోయిందా? నేనింకా పడుకునేదానికి సర్దుకుంటా ఉండా," అంది.

"నెక్స్ట్!" అని లోపలి నుంచి కేక వినిపించింది.

సాయంత్రం పుంగనూరులో ఇంటికి చేరేసరికి పక్కింటి సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలోనే కాచుకొని ఉంది.

"ఏడు నిమిషాలేనా? మా వియ్యంకునికి ముప్పావుగంట తీసినారు మా! ఇల్లు కూలిపోయేంత సద్దు. అదీ స్కానింగంటే. ఇంకో అర్ధగంట తీయమని గట్టిగా అడగల్సింది కదా పాపా. చదువుకున్నదానివి."

"అడిగితే కొసరు కూడా వేసేవాళ్ళులే అత్తా," అని రాణి తలుపు వేసుకుంది.

రిపోర్టు ఆ సాయంత్రమే ఫోనుకు వచ్చింది. ఏ ఊళ్ళోనో కూర్చొని బొమ్మలు చూసిన డాక్టరు ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ రాసి పంపాడు. సిద్ధార్థ దాన్ని చదవకముందే బంధువుల గ్రూపులో పెట్టి, 'సేమ్ డే రిపోర్ట్' అని చప్పట్లు కొట్టే చేతులు మూడు జతలు అతికించాడు. తరువాత చదివాడు. ఎడమ దవడకు, బుగ్గకు మధ్య మూడు సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఎముకను ఆనుకొని ఉంది. ఎముకలోకి పాకి ఉండవచ్చు.

గ్రూపులో అప్పటికే ఏడుగురు చప్పట్లు కొట్టేశారు.

నాలుగు రోజుల తరువాత, సిద్ధార్థ బెంగళూరుకు తిరిగి పోయాక, కుప్పంలో సర్జను కరుణాకర్ ఆ కాగితాలు చూశాడు. ఆయన మాట తక్కువ మనిషి. రాములమ్మ దవడ మీద చెవి కింది నుంచి గడ్డం దాకా వేలితో ఒక గీత గీసి చూపించాడు. "ఇంతవరకు తీసేయాల," అన్నాడు. "కాలి ఎముక తెచ్చి అతికించొచ్చు. ఈ వయసులో ఎంతవరకు పట్టుకుంటుందో చెప్పలేను."

రాములమ్మ ఆ వేలు వైపు గాని, కూతురి వైపు గాని చూడలేదు. "తీసేసినాక మాట్లాడొచ్చునా సామీ?" అని మాత్రం అడిగింది.

"కొంచెం కష్టం."

"కొంచెమంటే?"

ఆయన కేసు షీటులో ఏదో రాసుకొని, స్కానింగు బొమ్మలున్న డిస్కు లోపలికి పంపించాడు. ఎముక కోసే ముందు ఇంకొకరు చూడాలన్నది అక్కడి పద్ధతి. రాణి వరండా బల్ల మీద కూర్చొని, మండీలో వంద గొంతుల మధ్య వినిపించే అమ్మ గొంతును తలుచుకుంది. బుట్ట తలమీద ఉండగానే కమీషను ఏజెంట్లను తిట్టిపోసే గొంతు అది. ఆ తిట్లకు చిన్నప్పుడు రాణి సిగ్గుపడేది.

గంట గడవకముందే నర్సు వచ్చి, "స్కానింగులో సారా మేడం పిలుస్తాండారు, పేషెంటును కూడా తీసుకొని రమ్మన్నారు," అంది.

డాక్టరు సారాకు యాభై దాటి ఉంటాయి. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. ఆమె తెర మీద బూడిదరంగు బొమ్మనొకదాన్ని నిలిపి ఉంచింది. రాణికి అందులో ఏదేమిటో తెలియలేదు.

"ఇది సూడమ్మా. గడ్డ అనేది చుట్టూ ఉన్న కండను పట్టుకొని లాగుతుంది, లేకుంటే తోస్తుంది. ఇదేమో ఎవరో తెచ్చి ఆడ పెట్టినట్టు కూర్చోనుండాది," అని తెరను వేలితో కొట్టింది. తరువాత రాణిని వదిలేసి రాములమ్మ వైపు తిరిగింది. "అమ్మా, కడసారిగా ఆకు ఎప్పుడేసినావు?"

రాణి అందుకుంది. "మా నాయన పోయినప్పుడే మానేసింది మేడం. నేనే ఒట్టు పెట్టించినా."

"నిన్ను అడగలేదు," అంది సారా.

రాములమ్మ కాస్త ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పింది. "బస్సు దిగినాక వేసినా తల్లీ."

"ఇప్పుడు యాడుండాది?"

"ఈడే." రాములమ్మ చిటికెన వేలు పెదవుల మధ్యకు పోనిచ్చి, బుగ్గకు పంటికి మధ్య ఒడుపుగా తిప్పి, నలుపుకు తిరిగిన ఒక ముద్దను బయటికి తీసింది. తమలపాకు, వక్క, సున్నం, కడ్డీపుడి పొగాకు కలిసి గట్టిపడిన ముద్ద. పెద్ద చింతగింజలు రెండింటిని పక్కపక్కన పెట్టినంత ఉంది. "దీన్ని యాడ పెట్టేదమ్మా? ఈడ అంతా అద్దం మాదిరి పెట్టుకోనుండారు."

సారా చెత్తబుట్ట ముందుకు జరిపింది.

"మదనపల్లెలో స్కానింగు తీసేటప్పుడు కూడా ఉండిందా ఇది?"

"ఉండింది. అది లేకుంటే పుండు మంట తల్లీ. పెట్టుకుంటే కొంచేపు తిమ్మిరెక్కతాది. నమిలేది మానేసినా గదా. ఊరికే అణిచిపెట్టుకుంటా, అంతే."

"ఆడ అడగలేదా నిన్ను, నోట్లో ఏమన్నా ఉండాదా అని?"

"నన్నెవురూ ఏమీ అడగలేదే."

సారా ఫైలు తిరగేసి, మదనపల్లె ఫారం జిరాక్సు బయటికి లాగింది. పదిహేడో ప్రశ్న దగ్గర వేలు ఆపింది. "ఇది రాసిందెవరు?"

"నేనే," అంది రాణి.

"ఏం చేస్తుంటావమ్మా నువ్వు?"

రాణి చెప్పింది. ఏ సెక్షనో కూడా చెప్పవలసి వచ్చింది.

సారా ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలను పైకి తోసుకొని రాణిని ఒకసారి, ఫారాన్ని ఒకసారి చూసింది. ఆ చూపు రాణికి బాగా తెలుసు. పద్నాలుగేళ్ళుగా కిటికీ ఇవతలి నుంచి తాను జనాన్ని చూసే చూపు అదే. అవతలి వైపు నిలబడితే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. 'లేవు' అన్న రెండక్షరాలు తన చక్కటి దస్తూరీలో, కొట్టివేత లేకుండా, గుండ్రంగా ఉన్నాయి. అమ్మ పక్కనే కూర్చొని ఉండగా, తల తిప్పి ఒక్క మాట అడగకుండా రాసిన రాత. ఏడు నిమిషాల కేంద్రానికి గంటకు యాభై నిమిషాలు మిగులుతున్నాయి. వాళ్ళు ఆ నిమిషాల్లో ఇంకో ఐదుగురిని కుక్కుతున్నారు, ఒక్క ముసలిదాన్ని ఒక్క మాట అడగరు అని తిట్టిపోయడానికి ఆమె దగ్గర మాటలు సిద్ధంగానే ఉన్నాయి. వాటిని నోటిదాకా తెచ్చుకొని మింగేసింది.

"మళ్ళీ తీద్దాం," అంది సారా. "నోరు కడుక్కోని రా అమ్మా. ముక్కలు కూడా ఉండకూడదు. ఇంకో పని. బుగ్గలు ఉబ్బించాల. పంటికీ బుగ్గకూ మధ్య గాలి ఉంటే పుండు దేనికి అంటుకోనుండాదో విడిగా కనబడుతుంది. ముప్పై సెకన్లు అట్లే ఉండాల, ముక్కుతో ఊపిరి తీసుకుంటా. మునుపటి మిషన్లలో ఒక్కో వరస బొమ్మలకు ఐదారు నిమిషాలు పట్టేది. ఎవరు ఉబ్బించుకోని ఉంటారు అంతసేపు? ఇప్పుడు కుదురుతుంది. పోయి అభ్యాసం చేసుకోండి. లోపల ఇంకొకాయన ఉండాడు, ఆయన వెనక ఇంకా నలుగురు, గంట పడుతుంది."

"ఈడ కూడా వేగం మిషనేనా మేడం?" అడిగింది రాణి.

"మదనపల్లెలో ఉండేదీ, ఇదీ ఒకటే. యాల అడుగుతాండావు?"

"ఏమీ లేదు మేడం."

వరండాలో తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. రాణి బుగ్గలు ఉబ్బించి చూపించింది. రాములమ్మ ఉబ్బించబోతే బిగుసుకుపోయిన పెదవుల సందులోంచి గాలి తుస్సుమని పోయింది. రెండోసారి ఐదు లెక్కపెట్టేలోపు పోయింది. మూడోసారి ఉమ్ము చింది రాణి ముక్కు మీద పడింది.

"పంచరయిన ట్యూబు మాదిరి అయిపోయినా," అంది రాములమ్మ.

"మాట్లాడబాకమ్మా. ఉబ్బించు."

"నువ్వు ముందు ఆ మొగం మార్చు. కప్పను సూసినట్టుండాది."

బుగ్గలు ఉబ్బించుకొని ఉన్న రాణికి నవ్వాగలేదు. ఆమె గాలి కూడా తుస్సుమంది. ఎదుటి బల్ల మీద బి.కొత్తకోట నుంచి వచ్చిన ముసలాయన గంగులయ్య మెడకు కట్టుతో కూర్చొని ఉన్నాడు. వీళ్ళను కాసేపు తేరిపార చూసి, "ఏమ్మా, ఈడ ఇదొక వైద్యమా? నాకు చెప్పనే లేదే," అన్నాడు. తానూ బుగ్గలు ఉబ్బించి చూసుకున్నాడు. అతని కోడలు సిగ్గుపడి చేయి పట్టి లాగింది. రాములమ్మ ఈసారి రెండు వేళ్ళతో పెదవుల చివర్లు నొక్కి పట్టుకొని ఉబ్బించింది. రాణి లెక్కపెట్టింది. పద్దెనిమిది. ఇరవై రెండు. మంటకు రాములమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తిమ్మిరి కోసం పెట్టుకునే ముద్ద ఇప్పుడు లేదు. అయినా మళ్ళీ పట్టింది. ముప్పై. ముప్పై ఒకటి.

బోను బిగించాక వేళ్ళతో పట్టుకోవడం కుదరదని రాణికి అప్పుడు తోచింది. సారా దగ్గరికి పోయి చెప్పింది. సారా మెత్తటి టేపు తెచ్చి పెదవుల చివర్లు అంటించింది. రాణిని లోపలికి రానిచ్చి, ఆమె ఒంటి మీద ఇనుము లేదని తానే తడిమి చూసుకొని, తల్లి కాళ్ళ దగ్గర నిలబెట్టింది. వరస మొదలైనప్పుడు పాదం మీద ఒకసారి తట్టాలి, అయిపోయినప్పుడు రెండుసార్లు. రాణి తట్టింది. గుడగుడల మధ్య అమ్మ పాదం బిగుసుకోవడం, వదులు కావడం చేతికి తెలిసింది. తండ్రి కదిరప్ప ముప్పావుగంట పడుకున్న ఆ మూడుసార్లూ తాను బయట వరండాలో కూర్చొని ఉంది. లోపలికి రానిస్తారని అప్పుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

మొత్తం పది నిమిషాలు పట్టింది. అందులో రెండు నిమిషాలు రాములమ్మ దగ్గుకు పోయాయి. ఆ ఒక్క వరస మళ్ళీ తీశారు.

తెర మీద బుగ్గకూ దవడకూ మధ్య ఈసారి నల్లటి ఖాళీ కనిపించింది. అది గాలి అని సారా చెప్పింది. ఆ ఖాళీకి బుగ్గ వైపున వేలిగోరంత మచ్చ ఒకటుంది. అది పుండు. అది కండలోకి కొంత దిగింది. ఖాళీకి అవతల దవడ ఎముక తెల్లటి మజ్జతో, చుట్టూ తెగని నల్ల అంచుతో శుభ్రంగా ఉంది.

కరుణాకర్ ఆ బొమ్మలు నిలబడే చూశాడు. కేసు షీటులో తాను రాసిన వాక్యం ఒకటి గీత పెట్టి కొట్టేసి, పక్కన ఇంకొకటి రాశాడు. పొరపాటయిందని గాని, అదృష్టవంతులని గాని అనలేదు. "ఎముక జోలికి పోము. బుగ్గలో ముక్క, ముందుజాగ్రత్తకు మెడలో గ్రంథులు తీస్తాం. వచ్చే మంగళవారం చేరండి," అన్నాడు. మూడు సెంటీమీటర్ల గడ్డను వేలిగోరంత చేసిన పరీక్ష గురించి ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ ముద్ద పారేసినారు కదా?"

బస్సు వి.కోట దాటాక రాణి ఫోను మోగింది. సిద్ధార్థ. ఆమె విషయం చెప్పింది. అవతల ఒక్కసారిగా ఉత్సాహం. "నేను చెప్పలే అక్కా? టెక్నాలజీ అంటే అట్లుంటుంది! గ్రూపులో పెడతా ఉండు."

"పెట్టు. ఈసారి చదివి పెట్టు," అని రాణి ఫోను పెట్టేసింది.

రాములమ్మ కిటికీ పక్కన కూర్చొని, కొంగును బుగ్గకు అదుముకొని ఉంది. మంట తగ్గలేదు. బస్సు గుంతలో పడినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది.

"అమ్మా," అంది రాణి. "ఆ ఫారం రాసింది నేనే. నోట్లో ఏమీ లేవని. నిన్ను అడగలేదు."

"తెలుసు. ఆ యమ్మ నిన్ను సూసిన సూపు నేనూ సూసినా."

"దవడ కోసేసి ఉంటే?"

"కొయ్యలేదు గదా." రాములమ్మ కొంగు తీసి, కూతురి ముఖం చూసి విసుక్కుంది. "ఏడవబాక. ముందు సీటోళ్ళు తిరిగి తిరిగి సూస్తాండారు."

రాణి ముఖం తుడుచుకుంది. పలమనేరు ఇంకా చాలా దూరం ఉంది.

"ఎన్ని దినాలు మాట్లాడకూడదన్నాడు ఆ డాక్టరు?" అడిగింది రాములమ్మ.

"పది దినాలు. ఆమీట మెల్లగా మాట్లాడొచ్చు."

"మెల్లగా అంటే ఎట్ల కుదురుతాది?" రాములమ్మ కాసేపు లెక్క వేసుకుంది. "సరే, నెలనుకో. నెలకు మదనపల్లె పోదాం. ఆ ఏడు నిమిషాల ఆయప్పను నేనే అడుగుతా, మనిషిని పడుకోబెట్టే ముందు మొగం సూడాల్నా వద్దా అని. నువ్వు నోరు తెరవబాక. నువ్వు అడిగితే ఇంగ్లీషు కలుపుతావు, ఆ నా కొడుకు నవ్వుతాడు."

"నన్ను కూడా అడుగుతావా?"

"నిన్ను ఇంట్లో అడుగుతాలే. నీకేం తొందర."

అని, బుగ్గను ఒక చేత్తో పట్టుకొని, ప్రకాష్ బాబును ఏ మాటతో మొదలుపెట్టి తిట్టాలో రాములమ్మ అప్పుడే మెల్లగా, నొప్పికి ఆగి ఆగి, వరస పెట్టుకోసాగింది.